బయాస్కోపు తాళంచెవి ఎవరి దగ్గర? డచ్చి సినిమా వ్యాపారం, దాని పత్రికల కథ

మన పెద్దవాళ్లు సినిమాను ఒకప్పుడు బయాస్కోపు అనేవారు. తర్వాత ఆ మాట తిరునాళ్లలో కళ్లు ఆనించి చూసే పెట్టెకు మిగిలింది, చివరికి ఆ పెట్టెతోపాటే కనుమరుగైంది. నెదర్లాండ్స్‌లో మాత్రం పోలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇవాళ్టికీ సినిమా హాలును ‘బియోస్కోప్’ అనే అంటారు. వాళ్లు ఏలిన ఇండొనేషియాలోనూ హాలుకు అదే పేరు. బందరులో వలందపాలెం అని ఒక పేట పేరు మిగిల్చి వెళ్లిన వలందులు వీళ్లే. వాళ్ల వర్తకం గురించి మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నది మిరియాలు, కలంకారీ అద్దకాల దగ్గర ఆగిపోతుంది. సినిమా వర్తకంలోనూ వాళ్లది అంతే పకడ్బందీ లెక్క అని నాకు తెలిసింది చాలా ఆలస్యంగా.

ఈ మాటతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. డచ్చి సినిమా చరిత్రలోని పెద్ద తగవును రెండు మాటల మధ్య తగవుగా చెప్పవచ్చు: ‘ఫిల్మ్’, ‘బియోస్కోప్’. మొదటిది తెర మీద కనిపించేది. రెండోది ఆ తెర ఉన్న భవనం, దాని యజమాని, టిక్కెట్టు కిటికీ, పన్ను, అద్దె, మొత్తం వ్యాపారం. అక్కడి సినిమా పత్రికలు కూడా ఈ గీతకు అటో ఇటో నిలబడ్డాయి. ఏ పత్రిక ఎటు నిలబడిందో చూస్తే, అంకెలు మాత్రమే చూస్తే అంతుపట్టని ఒక చిక్కుముడి విడిపోతుంది.

ఆ చిక్కుముడి ఇది. 1930లలో నెదర్లాండ్స్ చదువుకున్న దేశం, పట్నాల దేశం, చేతిలో డబ్బున్న దేశం. పక్కనున్న బెల్జియంలో జనాభా ఇంచుమించు అంతే. అయినా బెల్జియంలోని హాళ్ల సంఖ్య డచ్చి హాళ్లకు రెట్టింపును మించి ఉండేది. బ్రిటన్‌లో మనిషి సగటున ఏడాదికి ఇరవై సార్ల దాకా సినిమాకు వెళ్తున్న రోజుల్లో డచ్చివాడు వెళ్లింది నాలుగు సార్ల దరిదాపు. ఇంత తక్కువ సినిమా చూసిన దేశం, సినిమా గురించిన కాగితాలను మాత్రం ఎంతో పదిలంగా దాచుకుంది. చూడటంలో పిసినారితనం, దాచడంలో ధారాళం. ఈ రెండూ ఒకే ఇంటి లక్షణాలు ఎలా అయ్యాయి?

సంత నుంచి హాలుకు

ల్యుమియేర్ సోదరుల యంత్రం ఆమ్‌స్టర్‌డామ్ కాల్వర్‌స్ట్రాట్‌లో బొమ్మ చూపించింది 1896 మార్చి 12న. ఆ తర్వాత పదేళ్లపాటు సినిమా డేరాల్లోనే తిరిగింది. ఊరి జాతర ఎక్కడుంటే అక్కడికి. మన టూరింగ్ టాకీసుల కథే, కాకపోతే టాకీ రాకముందు. అప్పుడు సినిమా వాళ్లకంటూ పత్రిక లేదు. సంతలో రంగులరాట్నం వాళ్లు, గారడీవాళ్లు, మృగప్రదర్శనల వాళ్లు చదివే ‘డె కొమేట్’ అనే పత్రికలోనే బయాస్కోపు వాళ్ల ప్రకటనలూ ఉండేవి. ఈ వివరం చిన్నదే, కానీ గుర్తుంచుకోదగినది. కళగా కాకుండా జాతర సరుకుగా పుట్టిన సినిమాను ఆ దేశపు పెద్దమనుషులు చాలాకాలం ఆ కళ్లతోనే చూశారు.

జాతర నుంచి వచ్చినవాడే జాన్ డెస్మెట్. 1875లో పుట్టాడు. అదృష్టచక్రం ఆడించాడు, పెద్ద జారుడుబల్ల నడిపాడు, 1907లో ‘ఇంపీరియల్ బియో’ పేరుతో డేరా సినిమా పెట్టాడు. 1909లో రోటర్‌డామ్‌లో, మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘సినేమా పారిజియెన్’ అనే స్థిరమైన హాళ్లు తెరిచాడు. అసలు విశేషం ఆ తర్వాత మొదలవుతుంది. హాలు ఒకచోట కుదురుకోగానే అతనికి ఒక కొత్త ఇబ్బంది ఎదురైంది. డేరాకైతే ఊరు మారుతుంది, బొమ్మ మారనవసరం లేదు. హాలుకు ఊరు మారదు, బొమ్మే మారాలి. ప్రతి వారం మారాలి.

అప్పటికి ఫిల్ములను అద్దెకు ఇవ్వడం కంటే అమ్మడమే రివాజు. గుడ్డ తాను కొన్నట్టు మీటర్ల లెక్కన కొనుక్కోవాలి. వారం ఆడిన తర్వాత ఆ తాను ఏం చేసుకోవాలి? డెస్మెట్ దాన్ని పక్క ఊరి హాలుకు అద్దెకు ఇచ్చాడు. అక్కడినుంచి ఇంకో ఊరికి. డచ్చి సినిమా పంపిణీ వ్యాపారం ఇలా మిగిలిపోయిన సరుకును సర్దుబాటు చేసుకోవడంలోంచి పెరిగింది. నెదర్లాండ్స్‌లో తయారయ్యే బొమ్మలు చాలా తక్కువ, దాదాపు అన్నీ దిగుమతి. డెస్మెట్ జర్మనీలోని క్రెఫెల్డ్‌లో ఉన్న ఒక ఫిల్ము వ్యాపార సంస్థ దగ్గర సరుకు తెచ్చుకునేవాడు. ఫ్రెంచి, ఇటాలియన్, అమెరికన్, డెన్మార్క్ బొమ్మలు జర్మనీ మీదుగా డచ్చి తెరకు చేరేవి.

ఈ వ్యాపారానికి ఆయువుపట్టు ఫిల్ము వయసు. మొదటి వారం బొమ్మకు అద్దె ఎక్కువ. రెండో వారం కొంత తగ్గుతుంది. పదో వారానికి గీతలు పడి, పళ్లు విరిగి, అతుకులు వేసుకుని వచ్చిన అదే రీలును చిన్న ఊరి యజమాని నాలుగు డబ్బులకు తీసుకుంటాడు. మన దగ్గర ‘సి సెంటరు’కు బాక్సు వచ్చే నాటికి ప్రింటు ఏ స్థితిలో ఉండేదో తెలిసినవాళ్లకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. అయితే వయసును బట్టి ధర కట్టాలంటే, ఏ బొమ్మ ఏ తేదీన విడుదలైందో, ఏ హాలులో ఎన్ని రోజులు ఆడిందో అందరికీ తెలియాలి. లేకపోతే పాత సరుకును కొత్తదిగా అంటగట్టేవాళ్లకు అడ్డుండదు.

వ్యాపార పత్రిక అవసరం ఇక్కడ పుట్టింది. 1912లో ‘డె బియోస్కోప్ కూరాంట్’, 1913లో ‘డె కినేమాటోగ్రాఫ్’ వచ్చాయి. వీటిని ఇప్పుడు తిరగేస్తే నటీమణుల బొమ్మలకంటే ముందు కంటపడేవి ప్రకటనలు. ఫలానా తేదీ నుంచి ఫలానా బొమ్మ ఖాళీగా ఉంది, కావలసినవారు రాయండి. హాలు అమ్మకానికుంది. యంత్రం నడిపేవాడు కావాలి. మూకీ బొమ్మ పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతను డచ్చివాళ్లు ‘ఎక్స్‌ప్లికాటర్’ అనేవారు. గొంతు బాగున్న వ్యాఖ్యాత కోసం జనం హాలు మారేవారు. ఊట్రెక్ట్‌లో లూయి హార్ట్‌లోపర్ అనే వ్యాఖ్యాతకు ఎంత పేరంటే, ఇప్పుడు ఆ ఊళ్లో ఒక సినిమా హాలుకు ఆయన పేరే ఉంది. తెర మీది తారలను ఎవరూ తలచుకోరు, తెర పక్కన నిలబడి మాట్లాడినవాడు మిగిలాడు. నాకు ఈ న్యాయం నచ్చింది.

1910 తర్వాత పొడవు బొమ్మలు రావడంతో లెక్క మారింది. గంటకు మించి ఆడే బొమ్మకు తయారీ ఖర్చు ఎక్కువ. దాన్ని అందరికీ మీటర్ల లెక్కన అమ్మితే గిట్టదు. ఒక ప్రాంతానికి ఒక్కరికే హక్కు ఇచ్చే పద్ధతి మొదలైంది. ఏరియా హక్కులు అని మన వాళ్లు అనేది ఇదే. హక్కు ఒకరి చేతిలో ఉన్నప్పుడు పత్రికలో ప్రకటన స్వభావమూ మారుతుంది. ‘సరుకుంది, రండి’ అన్నది పోయి, ‘నా దగ్గర తప్ప మరెక్కడా దొరకదు’ అన్న ధోరణి వస్తుంది. నిండు పేజీ ప్రకటనలు, తారల పేర్లు పెద్ద అక్షరాల్లో రావడం అప్పటినుంచే. తార పుట్టుకకు అభిమానమే కారణమని అందరం అనుకుంటాం. ఆ పాత సంచికలు చూస్తే, హక్కు కొన్నవాడి పెట్టుబడిలోనూ ఆ పుట్టుకకు సగం వాటా ఉందనిపిస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో నెదర్లాండ్స్ తటస్థంగా ఉన్నా, సరుకు దారులు మూసుకున్నాయి. డెస్మెట్ కొత్త బొమ్మలు కొనడం ఆపి, భూములు, భవనాల వ్యాపారంలోకి జరిగాడు. కానీ ఏదీ పారేయలేదు. ఆ మనిషి సంగతి మళ్లీ వస్తుంది.

సంఘంలో ఉంటే సరుకు

1918లో హాళ్ల యజమానులు సంఘం పెట్టుకున్నారు. 1921 నాటికి పంపిణీదారులను కూడా కలుపుకుని అది నేడర్లాండ్సె బియోస్కోప్‌బోండ్ అయింది. తేలికగా ‘బోండ్’ అందాం. పేరు వింటే మన ఫిల్మ్ ఛాంబరు లాంటిదే అనిపిస్తుంది. పని తీరులో మాత్రం చాలా గట్టిది. దాని బలమంతా ఒక్క నియమంలో ఉంది: సభ్యుడు సభ్యుడితోనే వ్యాపారం చేయాలి. సంఘంలో లేని హాలుకు ఏ పంపిణీదారూ బొమ్మ ఇవ్వకూడదు. సంఘంలో లేని పంపిణీదారు దగ్గర ఏ హాలూ బొమ్మ తీసుకోకూడదు. తగవు వస్తే సంఘంలోనే తీర్చుకోవాలి.

నియమం ఒక్కటే, దాని పర్యవసానాలు చూడండి. మీరు ఒక ఊళ్లో కొత్త హాలు కట్టాలనుకున్నారు. స్థలం ఉంది, డబ్బు ఉంది, పురపాలక అనుమతి ఉంది. అయినా బోండ్ మిమ్మల్ని సభ్యుడిగా చేర్చుకోకపోతే మీ హాలు నాలుగు గోడలే. చేర్చుకోవాలా వద్దా అని తేల్చేవాళ్లలో ఆ ఊళ్లో ఇప్పటికే హాలు నడుపుతున్నవాళ్లు ఉంటారు. కొత్త హాళ్లు ఎందుకు పెరగలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే దొరుకుతుంది. థియేటర్లన్నీ నలుగురి లీజులో ఉన్నాయన్న ఫిర్యాదు మన దగ్గర సంక్రాంతి సంక్రాంతికీ వినిపిస్తుంది. డచ్చివాళ్లు ఆ పనిని చాటుగా చేయలేదు, నియమావళి అచ్చువేసి చేశారు.

అయితే బోండ్‌ను వట్టి దోపిడీ ముఠాగా చూపితే అన్యాయం అవుతుంది. వాళ్లకు భయాలున్నాయి. వినోదపు పన్ను ఊరి పురపాలక సంఘం చేతిలో ఉండేది, ఊరికో రేటు. సెన్సారు కూడా మొదట్లో మేయరు ఇష్టం. ఒక ఊళ్లో ఆడిన బొమ్మను పక్క ఊళ్లో నిలిపేయవచ్చు. 1926లో బియోస్కోప్ చట్టం వచ్చి, 1928లో కేంద్ర సెన్సారు మండలి పని మొదలుపెట్టింది. 18 ఏళ్లు, 14 ఏళ్లు, అందరూ అని వయసు తరగతులు పెట్టింది. అక్కడితోనూ అయిపోలేదు. కాథలిక్కులు ఎక్కువగా ఉండే దక్షిణ ప్రాంతాల్లో మరోసారి చూసి కత్తిరించే కాథలిక్ మండలి వేరే ఉంది. అదే బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పొడవు, దక్షిణాన ఇంకో పొడవు.

ఇక్కడ డచ్చి సమాజం గురించి ఒక మాట చెప్పాలి. ఆనాటి నెదర్లాండ్స్‌ను అక్కడివాళ్లు ‘స్తంభాల’ సమాజం అంటారు. కాథలిక్కులు ఒక స్తంభం, ప్రొటెస్టెంట్లు ఒకటి, సోషలిస్టులు ఒకటి, మిగతా ఉదారవాదులు ఇంకొకటి. ఎవరి బడి వారిది, ఎవరి దినపత్రిక వారిది, ఎవరి కార్మిక సంఘం వారిది. రేడియోలో కూడా కాథలిక్కులకు ఒక కేంద్రం, ప్రొటెస్టెంట్లకు ఒకటి, సోషలిస్టులకు ఒకటి. మేకల పెంపకందార్లకు సైతం కాథలిక్ సంఘం ఉండేదని వాళ్ల మీద వాళ్లే వేసుకునే జోకు ఉంది, అది నిజం కూడా. ఒకే వీధిలో ఉండి, పుట్టుక నుంచి చావు దాకా అవతలి స్తంభం వాడి ముఖం చూడకుండా బతకవచ్చు.

ఏ స్తంభానికీ చెందకుండా మిగిలిన అరుదైన చోటు సినిమా హాలు. బోండ్ పట్టుబట్టి దాన్ని తటస్థంగా ఉంచింది. కాథలిక్ హాళ్లు వేరు, సోషలిస్టు హాళ్లు వేరు అయితే ఉన్న చిన్న మార్కెట్టు ముక్కలవుతుంది. ఈ తటస్థతే డచ్చి సినిమాకు అదృష్టమూ, శాపమూ అయిందని కారెల్ డిబ్బెట్స్ అనే చరిత్రకారుడు వాదించాడు. ఏ స్తంభమూ సినిమాను తన సొంతం అనుకోలేదు కాబట్టి, దాన్ని వెనకేసుకొచ్చిన స్తంభమూ లేదు. మతగురువు వద్దంటాడు, పార్టీ నాయకుడు పెదవి విరుస్తాడు, బడి పంతులు హెచ్చరిస్తాడు. డచ్చివాళ్లు స్వభావరీత్యా పొదుపరులు, కాల్వినిస్టులు (నిరాడంబరతను పాటించే ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు) కాబట్టి సినిమాకు వెళ్లలేదనే పాత వివరణ ఉంది. నాకు అది సోమరి వివరణ అనిపిస్తుంది. మనుషుల స్వభావం కంటే తలుపుల సంఖ్య ఎక్కువ చెబుతుంది. అసలు ఊళ్లో హాలే లేనివాడి పొదుపును ఏం మెచ్చుకుంటాం?

ఈ వ్యవస్థలో ఒక మనిషి మాత్రం తలుపును మహాద్వారం చేశాడు. అబ్రహాం టుషిన్‌స్కి పోలండ్ యూదుడు, దర్జీ. అమెరికా వెళ్లడానికి రోటర్‌డామ్ రేవుకు వచ్చి అక్కడే ఆగిపోయాడు. తనలాగే ఓడ కోసం ఎదురుచూసే వలసదారులకు బస నడిపాడు. 1911 నుంచి హాళ్లు కట్టడం మొదలుపెట్టాడు. 1921 అక్టోబరు 28న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరు మీదే ఒక సినిమా సౌధం తెరుచుకుంది. ఆనాటి డచ్చి నాణెంలో 40 లక్షల గిల్డర్ల ఖర్చు. రంగు రంగుల దీపాలు, దళసరి తివాచీలు, జంట గోపురాలు. అది నేటికీ నడుస్తోంది. పొదుపుకు పేరుపడ్డ దేశంలో అంతటి ఆర్భాటాన్ని జనం ముక్కున వేలేసుకుని చూశారు, ఆ తర్వాత టిక్కెట్టు కొన్నారు.

అదే 1921లో ‘సినేమా ఎన్ తేయాటర్’ అనే వారపత్రిక మొదలైంది. తారల బొమ్మలు, పుకార్లు, పాఠకుల ఉత్తరాలకు జవాబులు. అందులో నిందించడానికి ఏమీ లేదు, విప్పి చెప్పడానికీ పెద్దగా లేదు. అలాంటి పత్రిక లేని భాష లేదు. పక్కనే 1922 నుంచి ‘నియు వేక్‌బ్లాడ్ వోర్ డె సినేమాటోగ్రఫీ’ వ్యాపారుల కోసం వచ్చేది. అభిమానులు ఒక పత్రికను, యజమానులు ఇంకో పత్రికను చదివేవారు. రెండింటికీ ప్రాణాధారం ఒకే చోట ఉంది: బొమ్మల ప్రకటనలు. ప్రకటన ఇచ్చే పంపిణీదారు బొమ్మను ఆ పక్క పేజీలో చీల్చి చెండాడటానికి ఎన్ని గుండెలు కావాలి? మన ‘విజయచిత్ర’ను 1966లో మొదలుపెట్టింది విజయా సంస్థ నాగిరెడ్డిగారే కదా. ఆయన సొంత బొమ్మల మీద అందులో ఎంత నిష్ఠూర విమర్శ వచ్చి ఉంటుందో పాఠకులు ఊహించుకోగలరు.

వందలో ఒకటి

గీతకు అవతలి వైపు పత్రిక 1927లో వచ్చింది. సోవియట్ దర్శకుడు పుదోవ్‌కిన్ తీసిన ‘తల్లి’ బొమ్మను బహిరంగంగా చూపడానికి అధికారులు అడ్డుపడ్డారు. ఆ మే నెలలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ‘డె క్రింగ్’ అనే కళాకారుల క్లబ్బులో దాన్ని లోపలి వాళ్లకు మాత్రమే ప్రదర్శించారు. చూసినవాళ్లలో కొందరు రచయితలు, చిత్రకారులు, ఒక ఫొటో పరికరాల వ్యాపారి కొడుకు కలిసి ‘ఫిల్మ్‌లిగా’ అనే సంఘం పెట్టి, అదే పేరుతో పత్రిక తెచ్చారు. ఆ రచయితల్లో ప్రముఖుడు మెన్నో తెర్ బ్రాక్, వ్యాపారి కొడుకు యోరిస్ ఈవెన్స్. వాళ్ల ప్రకటనలో ఒక వాక్యం డచ్చి సినిమా చరిత్రలో అందరికీ కంఠతా. వందలో ఒక్కసారి మనం చూసేది ఫిల్మ్, మిగతా అన్నిసార్లూ చూసేది బియోస్కోప్ అని దాని సారం. ఆ బియోస్కోప్‌కు అర్థాన్ని కూడా వాళ్లే విప్పారు: మంద, వ్యాపార పాలన, అమెరికా, చవకబారుతనం.

పొగరున్న వాక్యం. ‘మంద’ అన్న మాట నాకు గుచ్చుకుంటుంది. వారమంతా రేవులో మూటలు మోసి శనివారం సాయంత్రం టుషిన్‌స్కి తివాచీ మీద నడిచిన కూలీని మంద అనడానికి వీళ్లెవరు? అయినా వాళ్ల కోపానికి ఒక ఆచరణాత్మకమైన కారణం ఉంది. బోండ్ సభ్యులు తెప్పించని బొమ్మ ఆ దేశంలో ఉన్నట్టే కాదు. పారిస్, బెర్లిన్, మాస్కోలలో ఏం జరుగుతోందో చదవడమే గాని చూసే దారి లేదు. ఫిల్మ్‌లిగా ఆ దారి వేసింది. చందాదారులకు మాత్రమే ప్రదర్శన కాబట్టి అది హాలు కాదు, ఆంతరంగిక సభ. బొమ్మలు తనే తెప్పించుకుంది. పుదోవ్‌కిన్‌ను, మరో సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టైన్‌ను పిలిపించి మాట్లాడించింది. పత్రిక ప్రకటనల మీద కాక చందాల మీద బతికింది, అందుకే నోరు విప్పగలిగింది. ఈవెన్స్ తీసిన ‘వంతెన’ (1928), ‘వాన’ (1929) చిన్న బొమ్మలకు మొదటి ప్రేక్షకులు ఆ చందాదారులే.

తమాషా ఏమిటంటే, బియోస్కోప్‌ను తిట్టినవాళ్లకు రెండేళ్లలోనే ఒక బియోస్కోప్ కావలసి వచ్చింది. 1929 నవంబరులో ప్రిన్సెన్‌ఖ్రాఖ్ట్ కాలువ ఒడ్డున ‘డె అయిట్‌కైక్’ అనే చిన్న హాలు తెరిచారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కళాత్మక చిత్రాలకు అది స్థిరమైన చోటు అయింది, ఇప్పటికీ నడుస్తోంది. ఆలోచనకు సైతం తలుపు, తాళం, టిక్కెట్టు పుస్తకం కావాలని వాళ్లకు అప్పుడు అర్థమైంది. ఆలోగా మాటల బొమ్మలు వచ్చాయి. ఫిల్మ్‌లిగా వాళ్లు ఆరాధించిన నిశ్శబ్ద కళకు కాలం చెల్లింది. సంఘం 1933లో మూతపడింది.

ఒక ప్రకటన

1940 మే 14న జర్మన్ విమానాలు రోటర్‌డామ్ నడిబొడ్డును కాల్చేశాయి. ఆ మంటల్లో టుషిన్‌స్కి రోటర్‌డామ్ హాళ్లు బూడిదయ్యాయి. దేశం లొంగిపోయిన ఆ వేళలోనే తెర్ బ్రాక్ ప్రాణం తీసుకున్నాడు. తాళంచెవి ఉన్నవాడు, ఆ తాళాన్ని తిట్టినవాడు, ఇద్దరి లోకమూ ఒకే రోజు కూలింది.

1941 జనవరిలో ఒక ప్రకటన వెలువడింది: యూదులకు ఇకపై సినిమా హాళ్లలో ప్రవేశం లేదు. ఆక్రమణాధికారుల చెప్పుచేతల్లో జరిగిన పని, కానీ ప్రకటన వెలువడింది బోండ్ పేరు మీద. యూదులు పెంచి పోషించిన వ్యాపారం అది. సభ్యుడు సభ్యుడితోనే అన్న నియమం, ఎవరు లోపల ఎవరు బయట అని గీత గీసే అలవాటు, అంతా అప్పటికే యంత్రంలా అమరి ఉంది. ఆ యంత్రాన్ని కొత్తవాడు చేతిలోకి తీసుకుని మీట తిప్పాడు. టుషిన్‌స్కి సౌధానికి పేరు మార్చి ‘టివోలి’ అని పెట్టారు. ఆయన 1942 సెప్టెంబరులో ఆష్విట్జ్ నాజీ మరణశిబిరంలో చనిపోయాడు. అమెరికన్, ఇంగ్లీషు బొమ్మలు నిషేధించారు. ‘సినేమా ఎన్ తేయాటర్’ మాత్రం కొత్త ప్రభువుల గీత దాటకుండా, జర్మన్ తారల ముఖచిత్రాలతో 1944 దాకా వచ్చింది. ఆ సంచికలు చూస్తే ముందరి సంచికలకూ వీటికీ పుటల అమరికలో పెద్ద తేడా ఉండదు. నవ్వే ముఖాలు, కొత్త బొమ్మల కబుర్లు. ఒళ్లు జలదరించేది ఆ సాదాతనానికే.

తాళం ఎలా ఊడింది

యుద్ధం ముగిశాక జనం హాళ్ల మీద పడ్డారు. 1946లో దాదాపు 8.9 కోట్ల టిక్కెట్లు తెగాయి. ఆ దేశంలో అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. అదే సమయంలో హాలీవుడ్ పెద్ద కంపెనీలు ఒకే ఎగుమతి సంఘంగా ఏర్పడి, డచ్చి మార్కెట్టులో ఒక్కటిగా బేరమాడాలని వచ్చాయి. బోండ్ ఒప్పుకోలేదు. ఒక గుత్త సంఘానికి మరో గుత్త సంఘం ఎదురుపడితే ఎలా ఉంటుందో చూడటానికి అదొక మంచి సందర్భం. ఇద్దరూ స్వేచ్ఛావ్యాపారం పేరు చెప్పే పోట్లాడుకున్నారు. చివరికి 1946లో రాజీకి వచ్చారు.

1957లో ప్రభుత్వమూ బోండూ కలిసి డచ్చి బొమ్మల తయారీకి ఒక నిధి పెట్టాయి. బయటి చూపుకు ఔదార్యం. కానీ ఏ కథకు డబ్బు ఇవ్వాలో తేల్చేచోట హాళ్ల యజమానుల మాట చెల్లుతుంది. సినిమా అకాడమీ కుర్రాళ్లకు ఇది నచ్చలేదు. 1963లో పిమ్ డె లా పర్రా, విమ్ వెర్‌స్టాప్పెన్ మరికొందరితో కలిసి ‘స్కోప్’ అనే పత్రిక పెట్టారు. బియోస్కోప్ అన్న మాటకు తోక తెంపి చేతిలో పట్టుకున్నట్టుంటుంది ఆ పేరు. ఫ్రెంచి కుర్ర విమర్శకులు పత్రికలోంచి దర్శకత్వంలోకి దూకిన తీరు వాళ్ల కళ్లముందుంది. వీళ్లూ అదే చేశారు. పత్రికలో తిడుతూ రాస్తూనే రెండేళ్లలో ‘స్కార్పియో’ అనే నిర్మాణ సంస్థ పెట్టారు. 1971లో వాళ్ల ‘బ్లూ మూవీ’ని సెన్సారు మొదట ఆపింది. వాదించి విడిపించుకున్నారు. 20 లక్షలకు పైగా జనం చూశారు. పెద్దల బొమ్మల మీద సెన్సారు 1977లో చట్టపరంగానే పోయింది.

తెర్ బ్రాక్ తరం బియోస్కోప్‌ను అసహ్యించుకుంది. ‘స్కోప్’ తరం దాన్ని గెలవాలనుకుంది. పర్రా పుట్టింది దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్‌లో. 1976లో అక్కడికి వెళ్లి ‘వాన్ పిపెల్’ తీశాడు. నల్లజాతి యువకుడు, భారతదేశం నుంచి కూలీలుగా వెళ్లినవారి సంతతి అమ్మాయి, వాళ్ల ప్రేమకు అడ్డుపడే రెండు కులపెద్దల లోకాలు. ఆ బొమ్మ ఖర్చు స్కార్పియోను ముంచింది. స్నేహితులిద్దరూ విడిపోయారు.

1968లో రాజకీయంగా ఇంకాస్త వామపక్షం వైపు నిలబడి ‘స్క్రీన్’ అనే పత్రిక వచ్చింది. అది 2009 దాకా నిలిచింది. కానీ తాళం ఊడటంలో ఎక్కువ పని చేసింది ఊరూరా వెలసిన ‘ఫిల్మ్‌హయిస్’లు, అంటే సినిమా ఇళ్లు. పాత బడి గది, మూతపడ్డ కార్ఖానా, ఏది దొరికితే అందులో నలభై కుర్చీలు. వాళ్లు బోండ్ సభ్యులు కారు, కాబట్టి సభ్యుల దగ్గర బొమ్మలు దొరకవు. అందుకని సమాంతరంగా మరో పంపిణీ దారే వేసుకున్నారు. ఆ దారికి రోటర్‌డామ్‌లో హ్యూబ్ బాల్స్ 1972లో మొదలుపెట్టిన చిత్రోత్సవం మూలస్తంభమైంది. మొదటి రాత్రి ప్రేక్షకులు పదిహేడు మంది. ఉత్సవానికి వచ్చిన బొమ్మలను అదే సంస్థ దేశంలోని సినిమా ఇళ్లకు పంపేది. 1981లో మొదలైన ‘ఫిల్మ్‌క్రాంట్’ అనే ఉచిత మాసపత్రిక ఆ ఇళ్ల గుమ్మాల్లోనే కట్టలుగా పడి ఉండేది. చందా లేదు, దుకాణం లేదు. పత్రికను హాలే పంచుతుంది, హాలు కార్యక్రమాన్ని పత్రిక చెబుతుంది. 1912 నాటి వ్యాపార పత్రిక చేసిన పనినే ఇది ఇంకో వైపు నుంచి చేసింది.

ఈలోగా టీవీ హాళ్లను ఖాళీ చేసింది. 1992లో తెగిన టిక్కెట్లు 1.4 కోట్లకు చేరలేదు. కాపలా కాయడానికి లోపల ఏమీ మిగలనప్పుడు గేటు ఎందుకు? 1990ల ఆరంభానికి బోండ్ తన పాత రూపం వదిలి సమాఖ్యగా మారింది. ఆ తర్వాత మల్టీప్లెక్సులు వచ్చి, 2019 నాటికి టిక్కెట్లు దాదాపు 3.8 కోట్లకు ఎక్కాయి. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్, ఐండ్‌హోవెన్ నగరాల్లో తెలుగు బొమ్మ విడుదల రోజున ఈలలు వినిపిస్తున్నాయంటే, దానికి ఏ సంఘం సభ్యత్వమూ అడ్డురాలేదు.

డెస్మెట్ సంగతి మళ్లీ వస్తుందన్నాను. ఆయన 1956లో పోయాడు. మరుసటి ఏడు ఆయన దాచినదంతా ఫిల్మ్ మ్యూజియానికి చేరింది: 900కు పైగా బొమ్మలు, వాటి పోస్టర్లు, లక్షకు మించిన వ్యాపార కాగితాలు. బేరాల ఉత్తరాలు, రశీదులు, రీలు గీతలు పడి తిరిగొచ్చిందన్న ఫిర్యాదులు, అద్దె బాకీల చిట్టాలు. చాలాకాలం అందరూ బొమ్మలనే ముట్టుకున్నారు. కాగితాల విలువ తెలిసింది తర్వాత. 2011లో యునెస్కో ఆ మొత్తాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఇంతకు ముందు చెప్పిన డిబ్బెట్స్ అయితే పాత దినపత్రికల్లోని హాళ్ల ప్రకటనలు పోగుచేయించి, ఏ ఊళ్లో ఏ హాలులో ఏ వారం ఏ బొమ్మ ఆడిందో ఎవరైనా వెతుక్కునేలా 2006లో ‘సినేమా కాంటెక్స్ట్’ అనే భాండాగారం తెరిచాడు. విమర్శకులు వందలో తొంభై తొమ్మిది అని కొట్టిపారేసిన బియోస్కోప్ అంతా అందులో వరుసగా ఉంది. ఒక హాలు పేరు కొడితే వారం వారం మారిన బొమ్మలు కిందికి జారుతూ వస్తాయి. డెస్మెట్ అద్దెకిచ్చిన రీలు ఏ ఊళ్లో మొదటి వారం ఆడిందో, ఏ ఊరికి ముసలిదై చేరిందో, వేలు పెట్టి చూపించవచ్చు.